ఇటాలియన్ అంకెలు: తెలుగువారికి ఏది సులువు, ఏది చిక్కు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి పైచదువులకు ఇటలీ వెళ్లే విద్యార్థుల్లో చాలామంది ఇంగ్లిషులో బోధించే కోర్సుల్లోనే చేరతారు. తరగతి గదిలో ఇటాలియన్ రాకపోయినా రోజులు గడిచిపోతాయి. గది అద్దె, రైలు వేళ, బ్యాంకు ఖాతా, పన్ను కార్యాలయం ఇచ్చే గుర్తింపు సంఖ్య, దుకాణంలో తూకం, పరీక్షలో వచ్చిన మార్కు మాత్రం ఇటాలియన్‌లోనే చెవిన పడతాయి. మిగతా భాషంతా ఆలస్యమైనా అంకెలు మాత్రం మొదటి వారంలోనే అవసరమవుతాయి.

ఈ అంకెల గురించి రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. రాసినట్టే పలికే భాష కాబట్టి ఇట్టే వచ్చేస్తాయని కొందరంటారు. పుస్తకంలో చూసినప్పుడు తెలిసినట్టే ఉండి, ఎదుటివాళ్లు చెప్పినప్పుడు ఒక్కటీ అందదని మరికొందరంటారు. రెండింటిలోనూ నిజం ఉంది, ఎందుకంటే ఆ రెండు మాటలూ రెండు వేర్వేరు విషయాల గురించినవి. ఇటాలియన్‌లో సంఖ్యకు పేరు కూర్చే పద్ధతి తెలుగు పద్ధతికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ సంఖ్యను కాగితం మీద రాసే తీరు, తేదీకీ శతాబ్దికీ వాడే తీరు మాత్రం మనకు అలవాటైన దానికి భిన్నం. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ఎక్కడ శ్రమ పెట్టాలో, ఎక్కడ అక్కరలేదో తెలుస్తుంది.

పదిలోపు అంకెలు, వాటి పలుకు

ఒకటి నుంచి పది వరకు వరుస ఇది: ఊనొ, దూఎ, త్రె, క్వాత్త్రొ, చింక్వె, సేయి, సెత్తె, ఒత్తొ, నోవె, ద్యేచి. సున్నకు ౙేరొ. అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కనుక తెలుగు నోటికి ఇబ్బంది లేదు. ఇందులోని త, ద శబ్దాలు దంత్యాలు. ఇంగ్లిషు అలవాటుతో ‘సెట్టె’, ‘ఒట్టొ’ అనేవారు నిజానికి తమ సొంత భాషలో ఉన్న సౌకర్యాన్ని వదులుకుంటున్నారు. సున్నలోని మొదటి శబ్దం జడ, జాము అన్నప్పుడు మనం పలికే ౙ. ‘మూడవ’ అనే అర్థమిచ్చే తెర్ౘొలో చాప, చుక్క అన్నప్పటి ౘ ఉంది. పాత తెలుగు ముద్రణలో ఈ రెండింటికీ విడి గుర్తులుండేవి. ఆ గుర్తులు పోయినా ఆ శబ్దాలు మన నోట్లో ఇంకా ఉన్నాయి.

జాగ్రత్త పడవలసింది ద్విత్వం దగ్గర. అరవై సెస్సాంత, డెబ్బై సెత్తాంత. మధ్యలో ఉన్నది స్సనా త్తనా అన్నదొక్కటే వాటి మధ్య తేడా. తెలుగువారికి ద్విత్వం పలకడం తేలికే గానీ, వేగంగా మాట్లాడేవాళ్ల నోట విన్నప్పుడు ఆ ఒక్క హల్లును పట్టుకోవడం తేలిక కాదు. బిల్లు అరవై ఏడా డెబ్బై ఏడా అన్న సందేహం వచ్చిందంటే కారణం సాధారణంగా ఇదే.

11 నుంచి 19 వరకు: మధ్యలో తిరగబడే వరుస

పదకొండు నుంచి పదహారు వరకు ఊందిచి, దోదిచి, త్రేదిచి, క్వత్తోర్దిచి, క్వీందిచి, సేదిచి. వీటిలో చివర ఉన్న ‘దిచి’ అంటే పది. అంటే ఒకట్ల అంకె ముందు, పది వెనుక. పదిహేడుకు వచ్చేసరికి వరుస తిరగబడుతుంది: దిచస్సెత్తె, దిచొత్తొ, దిచన్నోవె. ఇక్కడ పది ముందుకు వచ్చి, ఏడు, ఎనిమిది, తొమ్మిది వెనక్కి పోయాయి.

నేర్చుకునేవారికి ఇది అకారణమైన గందరగోళంలా కనిపిస్తుంది గానీ దీని వెనుక లాటిన్ చరిత్ర ఉంది. పదకొండు నుంచి పదహారు వరకు ఉన్న మాటలు లాటిన్ సమాసాలు అరిగి మిగిలినవి. పద్దెనిమిదికీ పంతొమ్మిదికీ సాహిత్య లాటిన్‌లో ‘ఇరవైకి రెండు తక్కువ’, ‘ఇరవైకి ఒకటి తక్కువ’ అనే అర్థం వచ్చే పదాలుండేవి. జనం నోట అవి నిలవలేదు. వాటి బదులు ‘పది, దానిమీద ఏడు’ అన్న తరహా విడి మాటలు వాడుకలోకి వచ్చి, కాలక్రమంలో అతుక్కుపోయాయి. దిచస్సెత్తెలో ‘స్స’, దిచన్నోవెలో ‘న్న’ ఆ అతుకు గుర్తులే. ఆ అతుకులో ఉన్న అకారం ‘మరియు’ అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చిందని ఒక వాదన, ‘కు, వద్ద’ అనే అర్థమున్న విభక్తి నుంచి వచ్చిందని మరో వాదన ఉన్నాయి. రూపాన్ని బట్టి చూస్తే రెండూ సాధ్యమే. లాటిన్ నుంచి పుట్టిన భాషలన్నీ ఒకే చోట తిరగలేదు. ఫ్రెంచ్ కూడా ఇటాలియన్‌లాగే 17 దగ్గర తిరుగుతుంది. స్పానిష్ ఒక మెట్టు ముందే, 16 దగ్గరే తిరిగిపోతుంది.

తెలుగువారి విషయంలో పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ఇంగ్లిషు మాట్లాడేవారి కోసం రాసిన పుస్తకాలు 11 నుంచి 16 వరకు సహజమనీ, 17 నుంచి వింత అనీ చెబుతాయి. తెలుగులో పదకొండు, పన్నెండు, పదమూడు, పదిహేడు అన్నీ పదితోనే మొదలవుతాయి. కాబట్టి మనకు దిచస్సెత్తె వరుసే సొంత వరుస, ఎదురు నడిచేవి అంతకుముందున్న ఆరు మాటలే. గ్యారహ్, బారహ్, ఇక్కీస్ అంటూ ఒకట్లను ముందు పెట్టే హిందీ వచ్చినవారికి ఆ ఆరు కూడా కొత్త కావు.

20 నుంచి 99 వరకు: సంధి తెలిస్తే సరిపోతుంది

పదుల పేర్లు వేంతి, త్రెంత, క్వరాంత, చింక్వాంత, సెస్సాంత, సెత్తాంత, ఒత్తాంత, నొవాంత. వీటి పక్కన ఒకట్లను పెడితే చాలు. 22 వెంతిదూఎ, 45 క్వరాంతచింక్వె, 99 నొవాంతనోవె. ఇరవై రెండు, నలభై ఐదు అన్నట్టే. హిందీలో నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్యనూ విడిగా బట్టీ పట్టవలసి వస్తుంది. ఇటాలియన్‌లో ఆ బాధ లేదు.

ఒక్క మార్పు మాత్రం ఉంది. 21 వెంతిఊనొ కాదు, వెంతూనొ. 28 వెంతిఒత్తొ కాదు, వెంతొత్తొ. 31 త్రెంతూనొ, 38 త్రెంతొత్తొ, ఇలా 98 వరకు. దీన్ని మినహాయింపుల పట్టికగా నేర్పడం ఆనవాయితీ. తెలుగు బడిలో ఉత్వసంధి చదువుకున్నవారికి ఆ పట్టిక అవసరం లేదు. రాముడు, అతడు కలిసినప్పుడు మొదటి పదం చివరి అచ్చు పోయి రాముడతడు అయినట్టే, ఇక్కడా పూర్వపదం చివరి అచ్చు లోపించి పరపదం అచ్చు నిలుస్తుంది. ఒకటికీ ఎనిమిదికీ మాత్రమే ఎందుకు జరుగుతుందంటే, తొమ్మిది అంకెల్లో అచ్చుతో మొదలయ్యేవి ఆ రెండే కాబట్టి.

వంద దాటాక ఈ సంధి పట్టు సడలుతుంది. వంద చెంతొ. 101కి చెంతొఊనొ అని అచ్చులు రెండూ ఉంచి చెప్పడమే మామూలు. 108కి చెంతొత్తొ, చెంతొఒత్తొ రెండూ రాస్తారు. 180కి కూడా రెండు రూపాలున్నాయి. మాటలో ఒకే ఒకారం వినిపిస్తుంది కాబట్టి పొట్టి రూపమే మేలని ఒక పక్షం, సంఖ్యలోని భాగాలు కంటికి విడిగా కనిపించాలి కాబట్టి పొడుగు రూపమే మేలని మరో పక్షం వాదిస్తాయి. ఏది రాసినా తప్పుపట్టరు.

రాతలో మరో చిన్న నియమం ఉంది. మూడు ఒంటరిగా ఉన్నప్పుడు దాని మీద ఏ గుర్తూ ఉండదు. 23, 33, 43 వంటి సంఖ్యల చివర వచ్చినప్పుడు మాత్రం దాని మీద స్వరచిహ్నం రాయాలి. ఒకటికంటే ఎక్కువ అక్షరాలున్న మాటలో ఊనిక చివరి అక్షరం మీద పడితే ఆ సంగతి రాతలో చూపాలన్నది ఇటాలియన్ సూత్రం. ఆ మాటల్లో ప్రసిద్ధమైనది 33, త్రెంతత్రే. వైద్యుడు రోగి వీపు మీద అరచేయి ఆనించి ‘త్రెంతత్రే అనండి’ అనడం ఇటలీలో తరతరాల వాడుక. ఆ మాట పలికేటప్పుడు ఛాతీలో పుట్టే ప్రకంపన చేతికి తెలుస్తుంది, ఊపిరితిత్తుల్లో తేడా ఉంటే ఆ ప్రకంపన మారుతుంది.

వెయ్యి నుంచి పైకి: లక్ష, కోటి లేని లెక్క

రెండు వందలు దూఎచెంతొ, ఐదు వందలు చింక్వెచెంతొ. చెంతొకు బహువచనం లేదు. వెయ్యి మిల్లె, రెండు వేలు దూఎమీల, మూడు వేలు త్రెమీల. మిల్లె ఇలా మీలగా మారడం ఇతరులకు వింతగా తోచవచ్చు. వెయ్యి ఒకటైతే వెయ్యి, రెండైతే వేలు అనే మనకు అందులో వింతేమీ లేదు. వంద, వెయ్యి అన్నప్పుడు ముందు ‘ఒక’ చేర్చనట్టే ఇటాలియన్‌లోనూ చెంతొకూ మిల్లెకూ ముందు ఏమీ చేర్చరు.

దారులు విడిపోయేది లక్ష దగ్గర. ఇటాలియన్‌కు లక్ష లేదు. వెయ్యి దాటితే వెయ్యి వేలైన మిలియోనె, ఆపైన వెయ్యి మిలియోనెలైన మిలియార్దొ. అంటే సంఖ్యను చివరి నుంచి మూడేసి స్థానాలుగా కోస్తారు. మనం చివరి మూడు కోసిన తర్వాత రెండేసి కోస్తాం. ఉదాహరణకు మన పద్ధతిలో 12,34,567 అని రాసే సంఖ్యను పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల ఐదు వందల అరవై ఏడు అంటాం. అదే సంఖ్య ఇటలీలో 1.234.567. చదివితే ఉన్ మిలియోనె, ఆ తర్వాత దూఎచెంతొత్రెంతక్వాత్త్రొమీలచింక్వెచెంతొసెస్సాంతసెత్తె. చివరి మూడు అంకెల దగ్గర రెండు పద్ధతులూ ఒకటే, తేడా అంతా వాటికి ఎడమపక్కన ఉన్నది.

దీన్నిబట్టి లక్షకు చెంతొమీల, అంటే వంద వేలు. పది లక్షలకు ఉన్ మిలియోనె. కోటికి ద్యేచి మిలియోని, వంద కోట్లకు ఉన్ మిలియార్దొ. ఇటలీ జనాభా సుమారు 59 మిలియోని అని అక్కడి పత్రికలు రాస్తే, అది 5 కోట్ల 90 లక్షలు. ఇంకా పైకి వెళితే మన పత్రికలు లక్ష కోట్లు అని రాసే మొత్తాన్ని అక్కడి పత్రికలు మిల్లె మిలియార్ది, అంటే వెయ్యి మిలియార్దొలు అని రాస్తాయి. కొత్త పేరు వెతకకుండా ఉన్న రెండు పేర్లనూ హెచ్చవేయడం రెండు చోట్లా జరిగింది.

ఈ ఎత్తులో ఇంకో ప్రమాదం ఉంది. ఇటాలియన్‌లో బిలియోనె అనే పదం లేకపోలేదు, కానీ దాని విలువ లక్ష కోట్లు. ఇంగ్లిషు బిలియన్ విలువ వంద కోట్లు. బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు బిలియన్ అంటే లక్ష కోట్లే. అక్కడి ప్రభుత్వం 1974లో అమెరికా లెక్కకు మారింది. ఇంగ్లిషు బిలియన్‌ను బిలియోనెగా అనువదిస్తే సంఖ్య వెయ్యి రెట్లు పెరిగిపోతుంది. అందుకే జాగ్రత్తగా రాసేవారు ఆ పదం జోలికి పోరు.

చుక్క, కామా: తారుమారైన రెండు గుర్తులు

పై ఉదాహరణలో 1.234.567 మధ్య ఉన్నవి దశాంశ బిందువులు కావు. ఇటలీలో వేలను విడదీయడానికి చుక్క, దశాంశానికి కామా వాడతారు. అద్దె ప్రకటనలో 1.200 అని ఉంటే అది పన్నెండు వందల యూరోలు. కాఫీ ధర 1,20 అని ఉంటే ఒక యూరో ఇరవై సెంట్లు. ఈ రెండింటినీ మన అలవాటు ప్రకారం చదివితే అద్దె కాఫీ ధర అవుతుంది, కాఫీ ధర అద్దెకు చేరువవుతుంది. నా దృష్టిలో ఇటాలియన్ అంకెల్లో తెలుగువారికి నిజంగా నష్టం కలిగించగల చోటు ఇదొక్కటే, ఎందుకంటే మాటలో తప్పు వస్తే ఎదుటివారు సరిదిద్దుతారు, ఆన్‌లైన్ ఫారంలో వచ్చిన తప్పును ఎవరూ సరిదిద్దరు.

ఏ గుర్తు సరైనదన్న వాదన పాతదే. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో దశాంశానికి చుక్క గానీ కామా గానీ వాడవచ్చని ఒప్పుకుంది. వేలను విడదీయడానికి మాత్రం ఆ రెండూ వద్దని, ఖాళీ వదలడమే మంచిదని చెప్పింది. శాస్త్ర రచనల్లో ఆ పద్ధతి కనిపిస్తుంది. దుకాణాలు, బ్యాంకులు, పత్రికలు చుక్కను వదల్లేదు. చదివేటప్పుడు కామాను వీర్గొల అంటారు, 3,14ను ‘త్రె వీర్గొల క్వత్తోర్దిచి’ అని చదువుతారు. ధర అయితే వీర్గొల రాదు. 2,50 యూరోలను ‘దూఎ ఎ చింక్వాంత’, అంటే రెండూ యాభై అంటారు.

సంఖ్యను అక్షరాల్లో రాస్తే మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా రాయడం మరో ఆచారం. పైన చూసిన కొండవీటి చాంతాడంత మాట అలా వచ్చినదే. చెక్కు మీద మొత్తం రాసినప్పుడు మధ్యలో ఇంకో మాట చొప్పించే వీలుండదన్నది దీనివల్ల కలిగే లాభం. సంఖ్యలు దిద్దుకుపోతాయన్న భయం ఆ దేశంలో ఈనాటిది కాదు. భారతదేశంలో పుట్టి అరబ్బుల ద్వారా ప్రయాణించిన అంకెలను పీసా నగరపు లియొనార్దొ, అంటే మనం ఫిబొనాచ్చీగా ఎరిగిన గణితజ్ఞుడు, 1202లో లాటిన్‌లో రాసిన తన గ్రంథంలో ‘భారతీయుల తొమ్మిది అంకెలు’గా పరిచయం చేశాడు. దాదాపు నూరేళ్ల తర్వాత, 1299లో, ఫ్లోరెన్సు నగరంలోని డబ్బు మారకపు వ్యాపారుల సంఘం తన సభ్యులు ఖాతా పుస్తకాల్లో ఈ అంకెలు వాడకూడదని నిషేధం పెట్టింది. సున్నను ఆరుగానో తొమ్మిదిగానో దిద్దడం తేలిక కావడమే దానికి సాధారణంగా చెప్పే కారణం.

లింగం ఒక్క అంకెకే, మనుషులకు వేరే పద్ధతి

అంకెల్లో నామవాచకపు లింగాన్ని బట్టి మారేది ఒకటి మాత్రమే. పుస్తకం పుంలింగం కాబట్టి ఉన్ లీబ్రొ, ఇల్లు స్త్రీలింగం కాబట్టి ఊన కాస. రెండు నుంచి ఏ మార్పూ లేదు: దూఎ లీబ్రి, దూఎ కాసె. మిలియోనె, మిలియార్దొ అంకెలలా కాక నామవాచకాల్లా ప్రవర్తిస్తాయి. వాటికి బహువచనం ఉంటుంది, తర్వాత వచ్చే మాటకు ముందు షష్ఠీ విభక్తిలాంటి ‘ది’ చేరుతుంది. పది లక్షల యూరోలు ‘ఉన్ మిలియోనె ది ఎవురొ’. మిలియోనె తర్వాత ఇంకా అంకెలుంటే ఆ ‘ది’ మాయమవుతుంది. యూరోకు మాత్రం బహువచనం లేదు, ఒకటైనా వందైనా ఎవురొ.

తెలుగులో వస్తువులకు రెండు, మూడు, నాలుగు. మనుషులకు ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఇటాలియన్‌లో ఈ భేదం లేదు, కానీ దానికి కొంచెం దగ్గరగా వచ్చే వాడుక ఒకటుంది. భోజనశాలలో ఎంతమంది అని అడిగితే ‘నలుగురం’ అనడానికి ‘స్యామొ ఇన్ క్వాత్త్రొ’ అంటారు. అంకెకు ముందు వచ్చే ఆ ‘ఇన్’ మనుషుల గుంపును సూచిస్తుంది. వయసు చెప్పేటప్పుడు ‘నాకు ఇరవై ఏళ్లు’ అని కాక ‘ఇరవై ఏళ్లు కలిగి ఉన్నాను’ అనే అర్థంలో ‘ఒ వెంతాన్ని’ అంటారు. వేంతి, ఆన్ని కలిసినప్పుడు అక్కడా ఇకారం లోపిస్తుంది.

తేదీలు, రాజులు, శతాబ్దులు

వరుస చెప్పే మాటలు పది వరకు విడిగా నేర్వాలి: ప్రీమొ, సెకోందొ, తెర్ౘొ, క్వార్తొ, క్వీంతొ, సేస్తొ, సెత్తిమొ, ఒత్తావొ, నోనొ, దేచిమొ. ఆపైన సంఖ్య చివరి అచ్చు తీసి ఏసిమొ చేర్చితే సరి, ఊందిచేసిమొ, వెంతేసిమొ అన్నట్టు. 23, 26 వంటి మూడు, ఆరుతో ముగిసే సంఖ్యల్లో మాత్రం ఆ అచ్చు పోదు. ఇవన్నీ లింగాన్ని బట్టి మారతాయి. రాజుల పేర్ల వెనుకా పోపుల పేర్ల వెనుకా వచ్చే సంఖ్యలను ఇలాగే చదువుతారు. 1861లో ఏర్పడిన ఇటలీ రాజ్యానికి మొదటి రాజు పేరు విత్తోరియొ ఎమానువేలె సెకోందొ, అంటే రెండవ విత్తోరియొ. అంతకుముందు సార్డీనియా రాజుగా తనకున్న సంఖ్యను ఆయన మార్చుకోలేదు.

తేదీల దగ్గర తెలుగు అలవాటు అడ్డు వస్తుంది. మనం ఒకటో తేదీ, రెండో తేదీ, పదిహేనో తేదీ అని అన్నిటికీ వరుస మాటలే వాడతాం. ఇటాలియన్‌లో ఒకటో తేదీ ఒక్కటే ప్రీమొ. మిగతావన్నీ మామూలు అంకెలు. మే ఒకటి ‘ఇల్ ప్రీమొ మాజ్జొ’, గణతంత్ర దినమైన జూన్ రెండు ‘ఇల్ దూఎ జూఞ్ఞొ’. సంవత్సరాన్ని ఇంగ్లిషులోలా రెండు ముక్కలు చేయరు. మన స్వాతంత్ర్య దినం ‘ఇల్ క్వీందిచి అగోస్తొ మిల్లెనొవెచెంతొక్వరాంతసెత్తె’. వెయ్యీ తొమ్మిది వందల నలభై ఏడు అన్నట్టే ఇదీ.

శతాబ్దుల పేర్లే అందరినీ తికమక పెట్టేవి. ఇటలీలో కళాచరిత్ర చదివేవారు క్వత్త్రొచెంతొ అనే మాట వినకుండా ఒక్క రోజు గడవదు. నాలుగు వందలు అనే ఆ మాటకు అర్థం 1400లలోని సంవత్సరాలు, అంటే పదిహేనో శతాబ్ది. ముందున్న వెయ్యిని మింగేసి మిగిలిన వందలతో శతాబ్దిని పిలుస్తారు. మన చరిత్రతో సరిచూస్తే ఇది స్పష్టమవుతుంది. వెనిసు యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి, దాన్ని పాలిస్తున్న రాణి గురించి చెప్పినది పదమూడో శతాబ్ది చివర, కాబట్టి అది దూఎచెంతొ. మరో వెనిసు యాత్రికుడు నికొలో కొంతి విజయనగరం చూసినది సుమారు 1420లో, అది క్వత్త్రొచెంతొ. శ్రీకృష్ణదేవరాయలు పాలించిన 1509 నుంచి 1529 వరకు చింక్వెచెంతొ, మన లెక్కలో పదహారో శతాబ్ది. ఖచ్చితమైన గణనలో 1500వ సంవత్సరం పదిహేనో శతాబ్దిలోనిది, కానీ పేరును బట్టి అది చింక్వెచెంతొలో పడుతుంది. చరిత్రకారులు ఆ ఒక్క సంవత్సరం తేడాను సాధారణంగా పట్టించుకోరు, ఇటాలియన్ పేర్లు కాలాన్ని ఒక గుంపుగా చూడడానికి పుట్టినవే గనుక.

దుకాణంలో, గడియారంలో, పరీక్షలో

తూకానికి వాడే మాట ఏత్తొ, అంటే వంద గ్రాములు. చీజ్, ఆలివ్‌లు, మాంసం ముక్కలు అమ్మే కౌంటరు దగ్గర ధర చాలా చోట్ల ఏత్తొకు ఇంతని రాసి ఉంటుంది. పావుకిలోను రెండు వందల యాభై గ్రాములని చెప్పరు, ‘దూఎ ఏత్తి ఎ మేౙ్ౙొ’, రెండున్నర ఏత్తొలు అంటారు. రద్దీ ఉన్న కౌంటర్ల దగ్గర యంత్రం నుంచి చీటీ తీసుకుని నిలబడాలి. అమ్మకందారు సంఖ్యను ఒకసారి గట్టిగా పిలిచి, ఎవరూ పలకకపోతే తర్వాతి సంఖ్యకు వెళ్లిపోతాడు. 67, 77 తేడా తెలియాలంటే అక్కడ నిలబడడాన్ని మించిన పాఠం లేదు.

గడియారం దగ్గర తెలుగుకు మళ్లీ సొంతింటికి వచ్చినట్టుంటుంది. మూడున్నర ‘త్రె ఎ మేౙ్ౙ’, మూడుంబావు ‘త్రె ఎ ఉన్ క్వార్తొ’, పావు తక్కువ మూడు ‘త్రె మేనొ ఉన్ క్వార్తొ’. ఈ తక్కువలూ ఎక్కువలూ మాట కోసమే. రైళ్ల ప్రకటనలు 24 గంటల లెక్కలో వస్తాయి. రోజుల లెక్కలో ఒక తేడా తెలుసుకోవాలి. ‘ఓజ్జి ఆ ఒత్తొ’, అంటే ‘నేటికి ఎనిమిది’ అన్నారంటే వచ్చే వారం ఇదే రోజని అర్థం. ఆదివారం నుంచి ఆదివారం వరకు రెండు కొనలనూ కలిపి లెక్కపెడితే ఎనిమిది వస్తుంది. రెండు వారాలను పదిహేను రోజులనడం మాత్రం వారికీ మనకూ సమానమే.

విశ్వవిద్యాలయంలో పరీక్ష మార్కు 30కి. ఉత్తీర్ణతకు 18 రావాలి. అంటే విద్యార్థి వినే మార్కులన్నీ దిచొత్తొ నుంచి త్రెంత వరకు ఉన్న పదమూడు సంఖ్యల్లోనే ఉంటాయి. చాలా పరీక్షలు మౌఖికం. ఆచార్యుడు మార్కును నోటితో చెప్పి, దాన్ని ఒప్పుకుంటావా అని అడిగే వాడుక ఉంది. డిగ్రీ మొత్తం మార్కు 110కి, అత్యుత్తమంగా వస్తే చెంతొద్యేచి ఎ లోదె, నూటపదీ ప్రశంసా.

పన్ను కార్యాలయం ఇచ్చే కోదిచె ఫిస్కాలె అన్న గుర్తింపు సంకేతంలో 16 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. అందులో పుట్టిన తేదీకి స్త్రీల విషయంలో 40 కలుపుతారు. పదిహేనో తేదీన పుట్టిన అబ్బాయికి 15 ఉంటే అదే రోజు పుట్టిన అమ్మాయికి 55 ఉంటుంది. మొదటిసారి చూసి తేదీ తప్పుపడిందని కంగారు పడే అమ్మాయిలు తెలుసుకోవలసిన సంగతి ఇది. భారతదేశంలో పుట్టినవారందరికీ అందులో జన్మస్థలం జెడ్ 222.

పదిహేడుకు ఉన్న చెడ్డపేరు

ఇటలీలో అశుభం పదమూడు కాదు, పదిహేడు. రోమను లిపిలో 17 రాయడానికి వాడే నాలుగు అక్షరాలను తారుమారు చేస్తే ‘వీక్సి’ అనే లాటిన్ మాట వస్తుంది. ‘నేను జీవించాను’ అని దాని అర్థం, అంటే ఇక జీవించి లేనని. ఎక్కువగా చెప్పే కారణం ఇది. ఈ నమ్మకం వల్లనే రెనో సంస్థ తన రెనో 17 కారును ఇటలీలో 177 పేరుతో అమ్మింది. నేపుల్స్ నగరంలో 1 నుంచి 90 వరకు ప్రతి సంఖ్యకూ ఒక బొమ్మ ఉంటుంది. కలలో కనిపించిన దాన్ని సంఖ్యగా మార్చి లాటరీలో పందెం కాస్తారు. 17 దురదృష్టం, 22 పిచ్చివాడు, 25 క్రిస్మసు, 47 శవం, 48 మాట్లాడే శవం, 90 భయం.

వరుసగా నేర్వాలా, సందర్భంతో నేర్వాలా

నేర్పే పద్ధతి మీద రెండు వాదనలున్నాయి. ఒకటి నుంచి వంద వరకు ముందు కంఠస్థం చేయాలని ఒక వాదన. ఎక్కాలు అప్పజెప్పిన తరానికి ఇది సహజంగా తోస్తుంది, దానికి బలమూ ఉంది. సంధి జరిగే చోట్లు, 17 దగ్గరి మలుపు నోటికి అలవాటవుతాయి. వరుసగా వల్లించినవారు 46 చెప్పాలంటే 40 నుంచి మొదలుపెట్టవలసి రావడం దాని బలహీనత. ధర, సమయం, ఫోను నంబరు వంటి సందర్భాలతోనే నేర్పాలన్నది రెండో వాదన. దీనివల్ల వినికిడి త్వరగా కుదురుతుంది, కానీ సందర్భంలో తగలని సంఖ్యలు ఖాళీలుగా మిగిలిపోతాయి. తెలుగువారికి కూర్పు సూత్రం ముందే తెలుసు కాబట్టి వల్లెవేత మీద పెట్టే కాలాన్ని తగ్గించి, క్రమం లేకుండా వచ్చే సంఖ్యలను వినడం మీద పెంచడమే మేలని నాకనిపిస్తుంది.

అలా వినడానికి ఇటాలియన్ కుటుంబాల్లో ఒక పాత ఏర్పాటు ఉంది. క్రిస్మసు రోజుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని తోంబొల ఆడతారు. ఒకరు సంచిలోంచి ఒక్కో సంఖ్య తీసి చదువుతుంటే మిగతావారు తమ చీటీలో మూసుకుంటూ పోతారు. వరుసలో రెండు పడితే ఆంబొ, మూడు తేర్నొ, నాలుగు క్వతేర్న, ఐదు చింక్వీన, చీటీ అంతా నిండితే తోంబొల. మన క్లబ్బుల్లో, అపార్టుమెంటు వేడుకల్లో ఆడే తంబోలా ఇదే ఆట, పేరు కూడా అక్కడిదే. అక్కడా ఇక్కడా 90 సంఖ్యలే, చీటీలో మూడు వరుసలే, వరుసకు ఐదు చొప్పున 15 సంఖ్యలే. ఆట నియమాలు ముందే తెలిసిన తెలుగు విద్యార్థి ఆ బల్ల దగ్గర కూర్చుంటే, చెవిపెట్టి వినవలసింది చదివేవారి నోట వచ్చే సంఖ్యను మాత్రమే.